అమ్మానాన్నలకు డి విటమిన్ వేస్తున్నారా? ఇలా వేయండి

పెద్దవాళ్లకి డాక్టర్ 60,000 యూనిట్ల డి విటమిన్ రాశారంటే ముందు చూడాల్సింది, అది వారానికి ఒకటా నెలకి ఒకటా అని. రోజువారీ బీపీ మాత్రల డబ్బాలో దీన్ని కూడా పడేస్తే రోజూ మింగేస్తారు, అక్కడే కొంప మునుగుతుంది. ఆదివారం అని పెట్టుకుని, క్యాలెండర్‌లో ఆ గడిలో పెన్నుతో టిక్ కొట్టించండి, స్ట్రిప్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

ఖాళీ కడుపుతో వద్దు. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి మధ్యాహ్నం భోజనం అయ్యాక వేయండి, పప్పన్నంలో నెయ్యి పడితే ఇంకా మంచిది. సాచెట్ అయితే పాలలో కలపండి, గ్లాసు అడుగున పొడి మిగిలితే ఇంకాస్త పాలు పోసి తిప్పి అదీ తాగించండి.

చెప్పిన కోర్సు అయ్యాక పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొనకండి, తర్వాత ఎంత డోసో డాక్టర్నే అడగండి. కిడ్నీలో రాళ్లున్నా, బీపీకి థయాజైడ్ రకం (ఒంట్లో నీటిని మూత్రంగా పంపించేసే) మాత్రలు వాడుతున్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటల్లో తికమక కనిపిస్తే మందు ఆపి వెంటనే డాక్టర్‌కి చూపించండి, రక్తంలో కాల్షియం పెరిగి ఉండొచ్చు.

మోకాళ్ల నొప్పులన్నీ దీంతోనే పోతాయని, ఎముకలు ఇక విరగవని ఆశ పెట్టుకోకండి. అమెరికాలో 25 వేలమందికి పైగా పాల్గొన్న వైటల్ అనే పరిశోధనలో, లోపం ఉందా లేదా అని చూడకుండా రోజూ 2,000 యూనిట్లు ఇచ్చినా ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. రక్తపరీక్షలో లోపం బయటపడ్డవాళ్ల సంగతి వేరే.