గాడిలో పరుగెత్తే ఆరు చక్రాల కారు: ఇంట్లోనే కట్టుకునే విధానం

స్లాట్ కారు అంటే ట్రాక్ మీది గాడి వెంట కరెంటుతో పరుగెత్తే బొమ్మ కారు, దానికి స్టీరింగు ఉండదు. ముక్కు కింద అమర్చిన గైడ్ అనే చిన్న రెక్క ట్రాక్ గాడిలోకి దిగి కారును మలుపు తిప్పుతుంది, ఆ రెక్కకు అటూ ఇటూ ఉన్న రాగి అల్లికలు గాడి పక్కన పరిచిన రాగి పట్టీల నుంచి కరెంటును మోటారుకు అందిస్తాయి. కనుక బరువు మోయవలసినవి మూడే: గైడ్, వెనక చక్రాలు రెండు. మామూలు నాలుగు చక్రాల స్లాట్ కారులో సైతం ముందు చక్రాలు చాలావరకు అలంకారం కోసమే ఉంటాయి. అటువంటిది ముందు నాలుగు చక్రాలు పెడితే, గైడ్‌ను గాడిలోంచి పైకి లేపగలిగేవి రెండుకు బదులు నాలుగవుతాయి. ఆరు చక్రాల కారు కట్టడంలోని కష్టమంతా ఇక్కడే ఉంది. తక్కిన పని కొలత, రంపం, ఆకురాయి, టంకం తెలిసిన వారెవరైనా చేయగలిగినదే.

నమూనాగా టిరెల్ పి34ను తీసుకుందాం. డెరెక్ గార్డ్‌నర్ రూపొందించిన ఈ ఫార్ములా వన్ కారును 1975లో తొలిసారి చూపించారు, 1976, 1977 సీజన్లలో పందేలకు దించారు. ముందు చక్రాల రిమ్ములను 10 అంగుళాలకు కుదించి వెడల్పాటి ముక్కు వెనక దాచితే గాలి తాకిడి తగ్గుతుందని, చక్రం చిన్నదైనందువల్ల తగ్గే పట్టును నాలుగు చక్రాలు భర్తీ చేస్తాయని ఆయన ఆలోచన. 1976 స్వీడన్ గ్రాండ్ ప్రీలో జోడీ షెక్టర్, పాట్రిక్ డెపాయే ఈ కార్లతోనే మొదటి, రెండో స్థానాలలో నిలిచారు. ఆ తరువాత చిన్న టైర్ల అభివృద్ధి పెద్ద టైర్లతో సమానంగా సాగకపోవడం ఈ కారును వెనకకు లాగింది. మార్చ్ 2-4-0, విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ08బి కార్లలో నాలుగు చక్రాలు వెనక ఉండేవి, అవి గ్రాండ్ ప్రీ పందెంలో పాల్గొనలేదు. 1983 నుంచి నాలుగు చక్రాలకు మించకూడదన్న నిబంధనతో ఈ కథ ముగిసింది. గాడి ట్రాక్ మీద మార్చ్ తరహా కారు కట్టాలంటే వెనక రెండు ఇరుసులనూ గేర్లతో కలపాలి, నాలుగు టైర్ల వ్యాసమూ ఒకటే ఉండాలి, ఏ మాత్రం తేడా వచ్చినా ఒక ఇరుసు రెండోదాన్ని బిగబట్టి లాగుతుంది. మొదటిసారి కట్టేవారికి టిరెలే నయం.

1/32 కొలతలో, అంటే అసలు కారులో ముప్ఫై రెండో వంతుకు కుదిస్తే, 10 అంగుళాల ముందు రిమ్ము సుమారు 8 మి.మీ., 13 అంగుళాల వెనక రిమ్ము సుమారు 10.3 మి.మీ. అవుతాయి. ఈ రిమ్ములను అల్యూమినియం కడ్డీతో లేత్ పనివారి చేత చేయించుకోవడం మంచిది, విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా మోటారు పంపుల మరమ్మతు చేసేచోట అడిగితే లేత్ ఎక్కడుందో చెబుతారు. 8 మి.మీ. లోపలి వ్యాసం, 2.4 మి.మీ. మందం ఉన్న ఓ-రింగులను (గుండ్రని రబ్బరు వలయాలను) రెండేసి చొప్పున పక్కపక్కన తొడిగితే 12.8 మి.మీ. వ్యాసం గల ముందు టైరు సిద్ధమవుతుంది. వెనక టైర్ల విషయంలో మాత్రం పొదుపు చేయకండి. 20.5 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. వెడల్పు ఉన్న యూరిథేన్ లేదా స్పాంజి రబ్బరు టైర్లను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే ఉత్తమం, ఎందుకంటే కారు వేగమూ పట్టూ చాలావరకు వాటి మీదే ఆధారపడతాయి.

చట్రానికి 1 మి.మీ. ఇత్తడి రేకు కావాలి. ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నా, అక్కడి పోత వస్తువుల ముక్కలు ఈ పనికి కుదరవు, రోలర్ల మధ్య సాగదీసి చదును చేసిన రేకే కావాలి. కంచు ముక్కను అసలే వాడకండి, తగరం పాలు ఎక్కువగా ఉండటం వల్ల వంచితే విరుగుతుంది. ఇరుసులకూ చట్రపు పక్క కడ్డీలకూ 2 మి.మీ. సైకిల్ పుల్లలు చక్కగా సరిపోతాయి. జింకు పూత ఉన్న పుల్లలకు టంకం సులువుగా అంటుతుంది, స్టెయిన్‌లెస్ పుల్లలకు మాత్రం ఆమ్ల ఫ్లక్స్ (టంకం అంటడానికి రాసే మందు) కావాలి, అది వాడినప్పుడు పని అయిన వెంటనే వంటసోడా కలిపిన నీళ్ళతో కడగకపోతే వారం తిరగకుండా తుప్పు పడుతుంది. పాత రేడియో ఏంటెన్నా గొట్టాలు చాలావరకు ఇత్తడివే, పైనున్న పూతను గీకి బుషింగులుగా, అంటే ఇరుసు తిరిగే తొడుగులుగా, వాడుకోవచ్చు.

ఇక సమతలం. టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటును మెరుగుపెట్టే చోట అంచుముక్కలు అడిగి, ఒక్కొక్కటి అరచేయంత ఉన్న రెండు ముక్కలను తెచ్చుకోండి. వాటిని 3 మి.మీ. సందుతో పక్కపక్కన పెడితే గాడి ఉన్న సమతలం మీ బల్ల మీదే తయారవుతుంది. ఇంతకన్నా మంచి కొలత పీట ఇంత చవకగా మరెక్కడా దొరకదని నా అభిప్రాయం. అయితే టంకం పనిని దాని మీద చేయకండి, రాయి వేడిని లాగేసి టంకాన్ని గరుకుగా గడ్డ కట్టిస్తుంది. చదునైన ప్లైవుడ్ ముక్క మీద గుండుసూదులతో భాగాలను బిగించి అతికి, వంకర ఉందో లేదో మాత్రం రాయి మీద చూసుకోండి.

పని వెనక నుంచి మొదలుపెట్టాలి. 12 వోల్టులకు తగిన 130 తరగతి మోటారు సుమారు 25 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. మందం ఉంటుంది. ఆట వస్తువులలో దొరికే 3 వోల్టుల మోటారు చూడటానికి అచ్చం ఇలాగే ఉన్నా 12 వోల్టుల దగ్గర ఎంతోసేపు బతకదు. మోటారును పడుకోబెట్టి, దాని షాఫ్టు వెనక ఇరుసుకు లంబంగా వచ్చేలా అమర్చండి. టైరు వ్యాసం 20.5 కాబట్టి ఇరుసు కేంద్రం నేల నుంచి 10.25 మి.మీ. ఎత్తులో ఉంటుంది. మోటారు మందంలో సగం 7.5, చట్రపు రేకు 1, నేలకూ చట్రానికీ మధ్య ఖాళీ 1.5, ఈ మూడూ కలిపితే 10 అవుతుంది. మిగిలిన పావు మిల్లీమీటరు కోసం మోటారు కింద పలుచని రేకు ముక్క పెడితే షాఫ్టు, ఇరుసు ఒకే ఎత్తుకు వస్తాయి. షాఫ్టుకు 9 పళ్ళ పినియన్ (చిన్న గేరు), ఇరుసుకు 27 పళ్ళ క్రౌన్ గేరు (పళ్ళు పక్కకు తిరిగి ఉన్న గేరు) పెడితే మోటారు మూడు చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. గేర్ల మధ్య సిగరెట్ కాగితమంత సందు ఉంచి, వేలితో తిప్పి చూడండి. ఎక్కడా పట్టినట్టు అనిపించకపోతేనే ఇరుసు బుషింగులకు టంకం పెట్టాలి, ఆ తరువాత మార్చడం కష్టం.

మోటారు ముందు నుంచి 18 మి.మీ. వెడల్పున్న రేకు నాలుకలా ముక్కుదాకా సాగుతుంది. దాని రెండు అంచుల వెంబడి సైకిల్ పుల్లలను అతికితే వంగకుండా ఉంటుంది. నాలుక కొసను గైడ్ పీట మందం మేరకు మెట్టులా పైకి వంచి, అక్కడ గైడ్ కాడకు గొట్టం అతకాలి. గైడ్ మొదటి ఇరుసుకన్నా 10 నుంచి 12 మి.మీ. ముందుండేలా చూసుకోండి. గైడ్‌కూ వెనక ఇరుసుకూ మధ్య దూరం పెరిగేకొద్దీ మలుపులో తోక ఊగడం నెమ్మదిస్తుంది. పి34 ముక్కు వెడల్పుగా ఉండటం వల్ల గైడ్ దాని కింద చక్కగా దాగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ముందు రెండు ఇరుసులను నేరుగా చట్రానికి అతికేస్తే, ట్రాక్ అతుకు దగ్గర రేణువంత ఎత్తు తగిలినా నాలుగు చక్రాలలో ఏదో ఒకటి కారును ఎత్తుతుంది, గైడ్ వదులవుతుంది, మోటారుకు కరెంటు తెగుతుంది. అందువల్ల ఆ రెండు ఇరుసులనూ కలిపి ఒక చిన్న ఊగే బండిగా చేయాలి, అది నడుమ ఒక కడ్డీ మీద తక్కెడ దండెలా ముందుకీ వెనక్కీ వాలాలి. 1 మి.మీ. రేకు నుంచి 20 మి.మీ. పొడవు, 6 మి.మీ. ఎత్తు ఉన్న పక్క రేకులు రెండు కోయండి. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి తాత్కాలికంగా అతికి, ఒకేసారి మూడు రంధ్రాలు వేయండి: కొసల దగ్గర 14 మి.మీ. దూరంలో ఇరుసులకు రెండు, సరిగ్గా నడుమ ఊగుడు కడ్డీకి ఒకటి. కలిపి వేయకపోతే ఇరుసులు సమాంతరంగా రావు. 14 మి.మీ. దూరంలో 12.8 మి.మీ. టైర్లు పెడితే వాటి మధ్య 1.2 మి.మీ. సందు మిగులుతుంది. ఓ-రింగు కాస్త లావుగా వచ్చినా టైర్లు ఒరుసుకుంటాయి కనుక తొడిగిన తరువాత కొలవండి.

పక్క రేకులను 22 మి.మీ. ఎడంగా నిలిపి, ఇరుసులను వాటికి టంకంతో కదలకుండా బిగించాలి. ఇరుసు తిరగకూడదు, చక్రాలే దాని మీద విడివిడిగా తిరగాలి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవవలసి ఉంటుంది కాబట్టి నాలుగూ స్వతంత్రంగా ఉంటేనే ఒరిపిడి తగ్గుతుంది. చక్రం రంధ్రాన్ని 2.1 మి.మీ.కు పెంచి, తొడిగి, బయట చిన్న గొట్టం ముక్క అతకండి. అతికేటప్పుడు చక్రానికీ గొట్టానికీ నడుమ నూనె రాసిన కాగితం ముక్కను దూరిస్తే టంకం చక్రంలోకి పాకదు, తరువాత కాగితాన్ని చింపేస్తే కావలసినంత సందు దానంతట అదే మిగులుతుంది.

నాలుక మీద అటూ ఇటూ నిలువు పలకలు అతికి, ఊగుడు కడ్డీ కోసం రంధ్రానికి బదులు 2.1 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. ఎత్తు ఉన్న నిలువు చీలికను ఆకురాయితో తీయండి. కడ్డీ మందం 2 మి.మీ. కనుక బండి అర మి.మీ. పైకి, అర మి.మీ. కిందికి ఆడుతుంది. మామూలు స్థితిలో చీలిక పైఅంచు కడ్డీని తాకకూడదు, తాకిందంటే కారు బరువు ముందు చక్రాల మీద పడుతున్నట్టే. బండి తన సొంత బరువుతో మాత్రమే ట్రాక్ మీద ఆని ఉండాలి. దానికి స్ప్రింగు పెట్టాలనే కోరిక చాలామందికి కలుగుతుంది, పెట్టవద్దు. ఎంత మెత్తని స్ప్రింగైనా ముక్కును పైకి తోస్తుంది.

నాలుగు ముందు చక్రాలూ తిన్నగానే ఉంటాయి, మలుపులో ఏదో ఒక ఇరుసు పక్కకు జారక తప్పదు. ఆ జారుడు సాఫీగా సాగాలంటే ముందు టైర్లకు పట్టు ఉండకూడదు. ఓ-రింగులను సన్నని గరుకు కాగితంతో చదును చేసి రంగులేని గోళ్ళ పాలిష్‌ను రెండు పూతలు వేయండి.

గైడ్‌కు కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలక ముక్క సరిపోతుంది. రెక్క మందం 2.3 మి.మీ., లోతు గాడి లోతుకన్నా కాస్త తక్కువ ఉండాలి. రాగి అల్లికకు టంకం పీల్చే అల్లికను, అంటే ఎలక్ట్రానిక్స్ మరమ్మతు వారు వాడేదాన్ని, ఫ్లక్స్ కడిగేసి వాడవచ్చు. తీగలు మెత్తని సిలికాన్ తొడుగువి కావాలి. బిరుసు తీగ గైడ్‌ను ఒక పక్కకు లాగుతుంది, అప్పుడు కారు కుడి మలుపులో బాగుండి ఎడమ మలుపులో గాడి తప్పుతుంటే కారణం అంతుచిక్కదు. తీగలను ఇరుసుల పైనుంచి నడిపి, బండి ఊగడానికి అడ్డు రాకుండా కాస్త వదులు ఉంచండి.

బాడీ ఎంత తేలికైతే అంత మంచిది, 15 గ్రాములు దాటనీయకండి. పొణికి చెక్కతో గాని అంకుడు చెక్కతో గాని రూపం చెక్కి, దాని మీద వేడిచేసిన పలుచని ప్లాస్టిక్ రేకును వాక్యూమ్ క్లీనర్ సాయంతో పీల్పిస్తే గుల్ల వస్తుంది. ముక్కు వెడల్పు 47 మి.మీ. దగ్గర ఉంచి, ముందు టైర్ల బయటి అంచులు దాని వెనకే ఉండేలా సరిచూసుకోండి. డ్రైవరు ముందు చక్రాలను చూసుకోవడానికి అసలు కారు కాక్‌పిట్ పక్కన చిన్న కిటికీలు ఉండేవి. గుల్ల పారదర్శకమైనదే కనుక అక్కడ లోపలి నుంచి రంగు వేయకుండా వదిలితే సరిపోతుంది. బాడీని చట్రానికి గట్టిగా బిగించక, మరలను సగం చుట్టు వదులుగా ఉంచితే చట్రపు అదురు బాడీని తాకదు.

పరీక్షకు గ్రానైటు ముక్కల సందులో గైడ్ రెక్కను దించి కారును నిలపండి. వెనక చక్రాల కింద, గైడ్ అల్లిక కింద, ముందు నాలుగు చక్రాల కింద సన్నని కాగితపు పీలికలు పెట్టి ఒక్కొక్కటే లాగండి. గైడ్ కిందిదీ వెనక చక్రాల కిందివీ గట్టిగా పట్టుకోవాలి, ముందు నాలుగూ కాస్త ఒరుసుకుంటూ జారి రావాలి. ముందు పీలిక ఏదైనా బిగిస్తే ఆ పక్క చీలిక పైఅంచును మరికొంచెం ఆకురాయి పెట్టండి. గైడ్ పీలిక వదులుగా ఉంటే నాలుక మీద, గైడ్‌కు సరిగ్గా వెనక, 3 నుంచి 5 గ్రాముల సీసం అంటించండి. భావనపాడు, కళింగపట్నం వైపు వలలకు కట్టే సీసపు గుండ్లను సుత్తితో చదును చేస్తే చాలు. సీసం పట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోవాలి. మొత్తం కారు 75 నుంచి 85 గ్రాముల మధ్య తూగితే ఈ మోటారుకు సరిపోయే బరువు.

వెనక టైర్లను గుండ్రంగా సరిచేయడానికి గరుకు కాగితాన్ని చదును పలకకు అంటించి, మోటారుకు 3, 4 వోల్టులు మాత్రమే ఇచ్చి, టైర్లను దాని మీద సుతారంగా ఆనించండి. తొలి పరుగు కూడా 6 వోల్టుల దగ్గరే మొదలుపెట్టి, మలుపుల్లో ముందు బండి శబ్దం వినండి. టకటకమంటే టైరు పక్క రేకుకు తగులుతోంది, కీచుమంటే గోళ్ళ పాలిష్ అరిగిపోయింది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో ట్రాక్ మీది రాగి పట్టీలు త్వరగా నల్లబడి కరెంటును సరిగా అందించవు. వానాకాలంలో ప్రతి ఆటకు ముందూ వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచిన తరువాతే వోల్టేజీని 12కు పెంచండి.