తాళం వేసినా తెరుచుకునే క్యాబిన్ డోర్లు: ఎందుకు, ఏం చేయాలి

పాత టెంపో ట్రావెలర్‌ను క్యాంపర్‌గా మార్పించుకునేటప్పుడు పడకలు, వంటగట్టు మీదే మనసంతా ఉంటుంది. డ్రైవర్ క్యాబిన్ డోర్లను ఎవరూ పట్టించుకోరు. మేమూ అంతే. మేడారం జాతరకు పోయి, తాడ్వాయి దగ్గర బండిలోనే పడుకున్నాం. అర్ధరాత్రి చప్పుడై లేచి చూస్తే ఎడమ డోర్ సగం తెరిచి ఉంది. పడుకునే ముందు దానికి తాళం వేసింది నేనే. లైట్ వేయగానే ఎవరో పరుగెత్తారు. పిల్లలను పక్కన పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. హనుమకొండ వచ్చాక డోర్లు విప్పి చూసి, ఒక్కొక్కటిగా బాగుచేసుకున్నాం.

తాళంచెవి తిరుగుతుంది, నాబ్ దిగదు

మా డోర్‌కు వచ్చిన జబ్బు ఇదే. తాళం నుంచి, డోర్‌ను పట్టి మూసి ఉంచే లాచ్‌కు పోయే సన్నని ఇనుప రాడ్‌ను ఒక ప్లాస్టిక్ క్లిప్ పట్టుకుని ఉంటుంది. అది విరిగితే చెవి ఊరికే తిరుగుతుంది, డోర్ లోపల ఉండే లాక్ మీట (నాబ్) దిగదు, లాక్ పడదు. డోర్ ప్యాడ్ విప్పి అదే కొలత క్లిప్ వేస్తే చాలు. తీగతో కట్టి వదిలేయకండి, గుంతల రోడ్డు మీద ఊడిపోతుంది.

వేరే చెవితో కూడా తాళం వస్తుంది

తాళం లోపలి రేకులు అరిగిపోయాయి. చెవి దూరే తాళం సిలిండర్ మార్చాల్సిందే. రెండు డోర్లకూ ఒకే చెవి ఉండే సెట్ అడగండి. చెవి బిగుసుకుంటే మాత్రం అది దుమ్ము వల్ల కావచ్చు. గ్రాఫైట్ పొడి వేయండి. నూనె వేస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

లాక్ పడినా డోర్ ఊగుతుంది

ఫ్రేమ్ మీది కొక్కెం స్క్రూలు వదులై ఉంటాయి. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిపి బిగించండి. డోర్‌ను పట్టి పైకెత్తితే కదులుతుందంటే అరిగింది కీళ్లు. అది టింకరింగ్ పని.

తీగ దూర్చి నాబ్ ఎత్తుతున్నారు

ఎండిపోయిన రబ్బరు బీడింగ్ మార్చండి. గొడుగు తలలాంటి నాబ్ తీసేసి, తీగకు చిక్కని నున్నటి నాబ్ పెట్టండి.

అన్నీ సరిచేసినా రాత్రి టెన్షన్ పోలేదు

దీనికి అన్నిటికన్నా చవకైన ఉపాయం బెల్ట్. సామాను కట్టే 25 మిల్లీమీటర్ల బెల్ట్‌ను ఒక డోర్ లోపలి హ్యాండిల్ నుంచి ఇంకో డోర్ హ్యాండిల్‌కు, సీట్ల ముందుగా, స్టీరింగ్ వెనక నుంచి లాగి బిగించాలి. డోర్లు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి ఒకదాన్ని లాగితే రెండోది పట్టి ఆపుతుంది. దొంగ దగ్గర చెవి ఉన్నా లాభం లేదు. అద్దం పగలగొట్టి చేయి పెట్టొచ్చు గానీ, ఆ చప్పుడుకు మనం లేస్తాం. ముందు ఆ హ్యాండిల్ ఇనుముకు బోల్ట్‌తో బిగించి ఉందో లేదో చూడండి. ప్లాస్టిక్ ప్యాడ్‌కే స్క్రూ ఉంటే ఒక్క గుంజుకు ఊడొస్తుంది.

మేము మొదట పిడి ఆడిస్తూ బిగించే రాట్చెట్ బెల్ట్ కొన్నాం. బిగువు బాగుంది, చీకట్లో విప్పడం మాత్రం కష్టమైంది. బండి వదిలి వెళ్లేటప్పుడు, వెనక భాగంలోని పక్క డోర్‌లోంచి దిగి దానికి తాళం వేస్తాం కాబట్టి, రాట్చెట్టే సరిపోతుంది. లోపల పడుకున్నప్పుడు బొటనవేలితో నొక్కితే వదిలే క్యామ్ బకిల్ బెల్టే వాడండి. గొలుసు, తాళంకప్ప అసలే వద్దు. మా బండిలో గ్యాస్ పొయ్యి పక్క డోర్ దగ్గరే ఉంది. అక్కడ మంట లేస్తే బయటపడే దారి ఈ ముందు డోర్లే. అందుకే లైట్లు ఆర్పేసి ఇంట్లో అందరితోనూ బెల్ట్ విప్పించాం. మా చిన్నోడికి రెండోసారికి వచ్చింది.