నిరుడు పూసిన కార్డినల్ ఫ్లవర్ ఈ వసంతంలో కనిపించడం లేదా?

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల పెరళ్లలో ఏటా మే నెలలో ఇదే మాట. "నిరుడు ఆగస్టులో ఎర్రగా విరగబూసింది, హమ్మింగ్‌బర్డ్‌లు కూడా వచ్చాయి. ఇప్పుడు జాడే లేదు." వెంటనే నర్సరీకి పరిగెత్తి ఇంకో కుండీ కొనేస్తారు. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి! ఇది వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో పెరిగే మొక్క. రెండంగుళాల లోతున పొడి తగిలితే ఇంకో కారణం వెతకక్కర్లేదు. గులాబీకి పోసినట్టు వారానికోసారి పోస్తే దీనికి చాలదు.

తడి బాగానే ఉన్నా పోయిందంటే నా అనుమానం మల్చ్ మీదే, అంటే మట్టి మీద పరిచే చెక్కపొట్టు, ఆకుల లాంటి పొర మీద. పూసిన కాడ ఎలాగూ చస్తుంది. శరదృతువులో దాని మొదలు దగ్గర చిన్న చిన్న పిలకలు వస్తాయి, నేలకు అంటుకుని, పచ్చగా. వచ్చే ఏడాది మొక్క అదే. చలికాలమంతా వాటికి వెలుతురు, గాలి కావాలి. మనమేమో చలికి తట్టుకోవాలని ప్రేమగా నాలుగంగుళాల మల్చ్ కప్పుతాం, పైన మేపుల్ ఆకులు రాలి తడిసి అట్టలా అతుక్కుంటాయి. రెండేళ్లు నేనూ అదే చేశాను. రెండో మార్చిలో ఆకులు తీస్తే పిలకలు నల్లగా, జిగురుగా కుళ్లిపోయి ఉన్నాయి. కుప్ప అంచుకు బయట పడ్డ రెండు మాత్రం నిక్షేపంగా బతికాయి. అప్పుడు వెలిగింది బుర్రలో.

కాబట్టి మల్చ్ చుట్టూ వేయండి, పిలకల మీద వద్దు. నవంబరు నుంచి రాలిన ఆకుల్ని పది రోజులకోసారి చేత్తో ఏరేయండి. మంచు కప్పితే భయం లేదు, దాన్ని కదపకండి. గడ్డకట్టి కరిగే రోజుల్లో పిలక వేర్లతో సహా పైకి లేస్తే మెల్లగా చేతివేళ్లతో మట్టిలోకి నొక్కండి.

పిలకలు గుంపుగా ఉంటే వసంతంలో విడదీసి నాటండి, ఎందుకంటే ఒక్కో మొక్క ఎక్కువ ఏళ్లు బతకదు. విత్తనాలు చల్లేవాళ్లు మట్టి కప్పకూడదు. దుమ్ములాంటి ఆ గింజలకు మొలకెత్తాలంటే వెలుతురు కావాలి.

నత్తలు, ఆకుమచ్చలు? వస్తాయి, పోతాయి. వాటివల్ల మొక్క మొత్తం మాయమవడం నేను చూడలేదు. అన్నట్టు, ఈ మొక్క విషం. పిల్లల్ని నమలనివ్వకండి.