హైదరాబాద్‌లో ఒక పిల్లకో పిల్లాడికో వాలంటీర్ మెంటర్‌గా ఉండాలంటే ఏం చేయాలి?

వారానికి ఒకసారి గంటో గంటన్నరో ఒక పిల్లతోనో పిల్లాడితోనో కూర్చోవడం, లెక్కల గురించో క్రికెట్ గురించో ఇంట్లో గొడవ గురించో వాళ్లు చెప్పేది వినడం, అడిగితే నాలుగు మాటలు చెప్పడం. మెంటర్ పని ఇంతే. ఎవరైనా చేయొచ్చు, బీఈడీ అక్కర్లేదు. కాకపోతే ఈ పని ఏడాదిపాటు ప్రతి వారం చేయాలి, చాలామంది అక్కడే జారిపోతారు.

1. అప్లికేషన్ కంటే ముందు క్యాలెండర్ చూసుకోండి

వచ్చే ఏడాదిలో నైట్ షిఫ్టులు పడతాయా, ఆన్‌సైట్ ఛాన్స్ ఉందా, పెళ్లి కుదిరేలా ఉందా, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుదామనుకుంటున్నారా? ఉంటే ఇప్పుడు ఆగండి, వచ్చే ఏడాది చూడొచ్చు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2002లో ఇదే విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మెంటర్ ఏడాదికి పైగా నిలిచిన పిల్లల్లో ఎక్కువ మేలు కనిపించింది, మూడు నెలలు కూడా నిలవని చోట మాత్రం పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ముందుకంటే తగ్గింది. అంటే రెండు నెలలు వెళ్లి మానేసే బదులు అసలు వెళ్లకపోవడమే నయం.

దూరం కూడా చూసుకోండి. మియాపూర్‌లో ఉంటూ పిల్లల్ని కలిసే సెంటర్ సైదాబాద్‌లో తీసుకుంటే ఒక్క వాన చాలు మీ ఉత్సాహం మొత్తం ట్రాఫిక్‌లో ఇరుక్కుపోవడానికి. ఒకే బస్సులోనో మెట్రోలోనో వెళ్లగలిగేది చూసుకోండి.

2. సంస్థ ద్వారానే వెళ్లండి

ఆదివారం పూట పిల్లల్ని ఉంచి చూసుకునే ఏదో ఒక హోమ్ గేటు తట్టి "పిల్లలతో కాసేపు గడుపుతాం" అంటే కుదరదు, కుదరకూడదు కూడా. మేక్ ఎ డిఫరెన్స్, భూమి, యూ అండ్ ఐ లాంటి సంస్థలు నగరంలో వాలంటీర్లను తీసుకుంటాయి. 2009లో బెంగళూరులో మొదలైన మెంటర్ టుగెదర్ ఒకరికి ఒకరు పద్ధతిలో మెంటరింగ్ చేయిస్తుంది. వెబ్‌సైట్‌లో ఫారం నింపండి, ఎప్పుడు తీసుకుంటారో, వయసు నియమాలేంటో, ఎన్ని గంటలు అడుగుతారో అక్కడే కనుక్కోండి.

ఫారం తర్వాత ఇంటర్వ్యూ, ఆధార్, మీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు, కొన్నిచోట్ల పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. "సాయం చేయడానికి వస్తే మమ్మల్నే అనుమానిస్తారా" అని కొందరు అలుగుతారు. మీ ఇంటి పిల్లల్ని ముక్కూ మొహం తెలియని మనిషితో పంపుతారా మరి? ఏమీ అడక్కుండా, ట్రైనింగ్ కూడా ఇవ్వకుండా "రేపే వచ్చేయండి" అన్న చోటికే వెళ్లకండి.

3. మొదటి నెల ఏమీ నేర్పకండి

క్యారమ్స్ ఆడండి, పాము నిచ్చెన ఆడండి, బొమ్మలు గీయండి. "మీ అమ్మానాన్న ఏం చేస్తారు?" అనే ప్రశ్న మనకు మామూలే, హోమ్‌లో ఉండే పిల్లలకు కాదు. ఎందుకొచ్చావు, ఎవరు తెచ్చారు, ఇవి కూడా అడగొద్దు. వాళ్లకు చెప్పాలనిపించిన రోజు వాళ్లే చెబుతారు, అసలు చెప్పకపోయినా మీ పని ఆగదు.

కొందరు పిల్లలు మొదట్లో మొహం కూడా చూడరు, కొందరు రెండో వారానికే "అక్కా, మీ ఇంటికి తీసుకెళ్తావా" అంటారు. ఇంతకు ముందు వచ్చి మాయమైన అన్నలూ అక్కలూ వాళ్లకు గుర్తుంటారు, మీరూ అంతేనా అని ఒకసారి చూస్తారు, అలుగుతారు, కావాలనే రాకుండా ఆడుకుంటూ ఉండిపోతారు. మీరు మాత్రం వెళ్లి కూర్చోండి. భాష గురించి టెన్షన్ వద్దు, తెలుగు, హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడినా ఇక్కడి పిల్లలకు కొత్తేం కాదు. తప్పులు దిద్దకుండా ఉంటే చాలు.

ఎప్పుడూ నలుగురికీ కనిపించే చోటే కూర్చోవాలి. వరండా, లైబ్రరీ, గ్రౌండ్, ఏదైనా సరే. తలుపు మూసిన గది మాత్రం వద్దు.

4. తర్వాత చిన్న చిన్న పనులు పెట్టుకోండి

పరీక్షల ముందు టైంటేబుల్ వేయడం, లైబ్రరీ పుస్తకం ఒకటి కలిసి చదవడం, టెన్త్ పిల్లలైతే ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ మధ్య తేడా చెప్పడం. మీరు ఇంజినీరైతే వాళ్లనీ ఇంజినీర్లను చేయాలని చూడకండి. బయటికి తీసుకెళ్లాలంటే సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, వాళ్ల మనిషి వెంట ఉండాలి. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం, జూ పార్క్ సోమవారం మూసి ఉంటాయి, ముందే చూసుకోండి. బిర్లా ప్లానెటేరియం చిన్న పిల్లలకు బాగుంటుంది, కాస్త పెద్దవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ చూపించొచ్చు.

5. గీత ఎక్కడుందో తెలుసుకోండి

డబ్బులు ఇవ్వకండి, ఫోన్ కొనివ్వకండి, ఒక్కరికే బహుమతి తేకండి, పక్కనున్న పదిమంది చూస్తుంటారు. ఫొటోలు, రీల్స్ అసలు వద్దు. సంరక్షణలో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 2015లో సెక్షన్ 74 ఉంది, జైలు శిక్ష కూడా పడొచ్చు. మీ పుట్టినరోజు కేక్ పక్కన పిల్లల్ని నిలబెట్టి పోస్టు పెట్టే అలవాటు ఉంటే ఇక్కడితో మానేయండి.

ఎవరో కొట్టారనో, ఒంటి మీద చెయ్యి వేశారనో పిల్లలు చెబితే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. గుచ్చి గుచ్చి అడక్కండి, ప్రశాంతంగా వినండి, వాళ్ల మాటల్లోనే రాసుకుని వెంటనే కోఆర్డినేటర్‌కి చెప్పండి. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ 1098. లైంగిక వేధింపులైతే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం 2012 ప్రకారం తప్పనిసరి, తెలిసీ చెప్పకపోవడమే నేరం. కోఆర్డినేటర్ "చూద్దాంలే" అంటే మీరే ఫోన్ చేయండి.

6. వెళ్లిపోయే ముందు

ఉద్యోగం మారి పుణె వెళ్తున్నారనుకోండి, కనీసం నెల ముందే కోఆర్డినేటర్‌కి చెప్పి, తర్వాత పిల్లలకు మీరే స్వయంగా చెప్పండి, ఆఖరి రోజు ఏదో తెలుసుకునేలా తేదీతో సహా చెప్పండి. "మళ్లీ వస్తాను" అనకండి, నిజంగా వచ్చే పనైతే తప్ప. కొత్త మెంటర్ దొరికితే ఒక వారం ఇద్దరూ కలిసి వెళ్లండి. ఫోన్ నంబర్ ఇవ్వొచ్చా అన్నది సంస్థ నియమాన్ని బట్టే, మీ ఇష్టం కాదు.