సీమ్, హెమ్: ఏ కుట్టును ఏమనాలి?

ఇంగ్లీషు పాఠాలు చదువుతూ బట్టలు కుట్టడం నేర్చుకునేవారు మొదట్లోనే తడబడే మాటలు సీమ్, హెమ్. మనం రెండింటినీ ‘కుట్టు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడమే అందుకు కారణమని నా అభిప్రాయం. రెండు గుడ్డముక్కలను కలిపే అతుకు సీమ్. గుడ్డ అంచును లోపలికి మడిచి, పోగులు ఊడకుండా కుట్టినది హెమ్.

సందేహం వచ్చినప్పుడు ఆ కుట్టును విప్పేస్తే ఏమవుతుందో ఊహించండి. ముక్కలు విడిపోయేటట్లయితే అది సీమ్, మడత విచ్చుకుని గుడ్డ పొడవు పెరిగేటట్లయితే హెమ్. చేతిరుమాలుకు నాలుగు వైపులా ఉన్నవి హెమ్‌లే, సీమ్ ఒక్కటీ ఉండదు. చొక్కాకు భుజాల మీద, పక్కలలో ఉన్నవి సీమ్‌లు, కింది అంచున ఉన్నది హెమ్. క్రికెట్ బంతి సీమ్ కూడా తోలు ముక్కలు కలిసే చోటనే ఉంటుంది కనుక అదీ ఈ మాటే. జీన్స్ ప్యాంటు కాలి పొడవునా కనిపించే జంట కుట్టు మాత్రం కొత్తవారిని మోసగిస్తుంది: అక్కడ అంచులు లోపలికి మడిచి ఉన్నా, అది రెండు ముక్కలను కలుపుతున్నది కనుక సీమే అవుతుంది.

అర్థాల కంటే కొలతల దగ్గర పొరపాటు పడితే నష్టం ఎక్కువ. సీమ్ అలవెన్స్ అంటే అతుకు కోసం వదిలే అంచు. ఇంగ్లీషు ప్యాటర్న్‌లలో, అంటే గుడ్డ కత్తిరించడానికి వాడే నమూనాలలో, అది తరచుగా 1.5 సెంటీమీటర్లు ఉంటుంది. హెమ్ అలవెన్స్ అంటే మడత కోసం వదిలేది. నిటారు అంచులకు సాధారణంగా 2.5 నుంచి 5 సెంటీమీటర్లు వదులుతారు. రెండింటికీ ఒకే కొలత పెట్టి కత్తిరిస్తే మడతకు గుడ్డ చాలక బట్ట పొట్టిదవుతుంది. గుండ్రని ఘేరు ఉన్న స్కర్టుకు మాత్రం హెమ్ సన్నగా, 1 సెంటీమీటరు లోపే ఉండడం మంచిది. ఎందుకంటే అక్కడ అంచు చుట్టుకొలత దాని పైభాగం కంటే ఎక్కువ కావడం వల్ల, వెడల్పుగా మడిస్తే మిగిలిన గుడ్డ ముడతలు పడుతుంది.

హెమ్‌ను ‘మడిచి కుట్టు’ అనే క్రియగానూ విరివిగా వాడతారు, సీమ్‌ను అలా వాడడం తక్కువ. కుట్లు విప్పే చిన్న పనిముట్టును సీమ్ రిప్పర్ అంటారు కానీ, హెమ్ విప్పడానికీ అదే పనికివస్తుంది.