ఏసీ కాపర్ పైపు లీకు: గ్యాస్ నింపించే ముందు ఆ చిన్న మూత చూడండి

సమస్య: ఏసీ నడుస్తోంది, గాలి వస్తోంది, గది మాత్రం చల్లబడటం లేదు. పోయిన వేసవిలోనే గ్యాస్ పట్టించారు. మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి" అంటాడు.

ఏసీలో గ్యాస్ అయిపోయే సరుకు కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడి నుంచో బయటికి పోయినట్టే. ఆ చోటు తేల్చకుండా నింపిస్తే మీ డబ్బులూ అదే దారిన పోతాయి.

ఇది లీకేనా?

ఫిల్టర్లు కడగడం, అవుట్‌డోర్ వెనక దుమ్ము దులపడం మీకు తెలిసినవే. ఆ తర్వాత మంచు ఎక్కడ పట్టిందో చూడండి. ఇండోర్ మూత ఎత్తితే కాయిల్‌కు ఒక మూల మాత్రమే మంచు ఉండి మిగతాది పొడిగా ఉన్నా, అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు మీద తెల్లగా మంచు కనిపించినా గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. కాయిల్ అంతటా మంచు పట్టి లావు పైపు దాకా గడ్డకడితే మాత్రం ముందు గాలి ఆడుతోందో లేదో చూడాలి: ఫిల్టరో, బ్లోయరో. దానికీ గ్యాస్ పట్టేవాళ్లున్నారు. అప్పుడు గ్యాస్ ఎక్కువై కంప్రెసర్ మీద భారం పడుతుంది.

తర్వాత టార్చి లైటు తీసుకుని జాయింట్లు చూడండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట జిడ్డు కారి, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. పైసా ఖర్చు లేని పని ఇది. అయినా ముందు సిలిండరే దించుతారు!

ఫ్లేర్ నట్లు

స్ప్లిట్ ఏసీకి రెండు పైపులు, వాటి చివర్లలో నాలుగు ఇత్తడి నట్లు. పైపు అంచును గరాటులా విచ్చదీసి (అదే ఫ్లేర్) ఆ నట్లతో బిగిస్తారు. అవుట్‌డోర్ దగ్గరి రెండూ అందరూ చూస్తారు. ఇండోర్ వెనక ఉన్నవి ఇన్సులేషన్, తెల్ల టేపు కింద దాక్కుంటాయి. టేపు విప్పి, ఏసీ ఆపేసి, సబ్బు నురగ రాయాలి. ఏసీ నడుస్తున్నప్పుడు ఈ జాయింట్ల దగ్గర పీడనం తక్కువ, ఆపాక పెరుగుతుంది. అందుకే ఆపి చూడాలి.

బుడగలు వస్తే రెండు స్పానర్లతో, ఒకటి పట్టుకుని ఒకటి తిప్పుతూ, కొద్దిగా బిగించి చూడొచ్చు. ఆగకపోతే ఇంకా బిగించొద్దు, విచ్చదీసిన రాగి అంచు చీలుతుంది. గ్యాస్ తీయించి, ఆ అంచు కోసి, కొత్తగా ఫ్లేర్ చేయించాలి. టెఫ్లాన్ టేపు చుట్టి, పైన ఎం-సీల్ పూసి వెళ్లేవాడిని అక్కడే ఆపండి. ఆ జాయింటు లోహం మీద లోహం కూర్చుని మూసుకోవాలి.

నాలుగు జాయింట్లూ బాగున్నాయి, అయినా గ్యాస్ పోతోంది

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. అవుట్‌డోర్ పక్కన లావు పైపు కలిసే వాల్వుకు చిన్న ముక్కు ఉంటుంది. గ్యాస్ పట్టేది అక్కడి నుంచే. లోపల ఒక పిన్ను, చిన్న సీలు, స్ప్రింగు. బైకు టైరులో గాలి కొట్టే చోట ఉండేదీ ఈ రకమే. కానీ కారు టైరులో 30, 35 పీఎస్ఐ ఉంటే, 35 డిగ్రీల వేడిలో ఆపి ఉంచిన, ఆర్-32 అనే గ్యాస్ వాడే ఏసీలో ఆ పిన్ను దాదాపు 300 పీఎస్ఐని ఆపాలి.

గ్యాస్ పట్టే గొట్టం బిగించగానే పిన్ను లోపలికి నొక్కుకుంటుంది, తీయగానే పైకి వచ్చి మూసుకోవాలి. సీలు మీద చిన్న నలుసు పడ్డా, రబ్బరు గట్టిపడ్డా, దగ్గర్లో వెల్డింగ్ చేసినప్పుడు వేడి తగిలినా సరిగ్గా మూసుకోదు. సన్నగా కారుతూనే ఉంటుంది.

మెకానిక్‌కు ఎందుకు దొరకదంటే, సబ్బు నురగ రాసేటప్పుడు పీడనం చూపే గేజి గొట్టం ఆ ముక్కుకే తగిలించి ఉంటుంది. అన్ని జాయింట్లూ పరీక్షకు వస్తాయి, అది తప్ప. నైట్రోజన్ పట్టి రాత్రంతా ఉంచినా గేజి ముల్లు కదలదు. పని బాగుందని గొట్టం తీసేస్తారు, లీకు అప్పుడు మొదలవుతుంది. ఆ వేసవి గడిచిపోతుంది, చలికాలం ఏసీతో పనుండదు, మార్చిలో మళ్లీ అదే ఫోను. మళ్లీ నింపడానికి అదే పిన్ను నొక్కుతారు.

పిన్ను కొద్దిగా కారినా ఆపడానికే పైన ఇత్తడి మూత. అవుట్‌డోర్ వాల్వుల దగ్గర సాధారణంగా మూడు మూతలుంటాయి: వాల్వులకు ఒక్కొక్కటి, ఈ ముక్కుకు ఒకటి. చాలా ఇళ్లలో మూడోది పిట్టగోడ మీదో, మెకానిక్ జేబులోనో ఉంటుంది.

ఏసీ ఆపి అరగంట ఆగి మెల్లగా ఆ మూత విప్పండి. విప్పుతుండగా స్స్ మని వినిపిస్తే పిన్ను కారుతున్నట్టే. వినిపించకపోయినా గిన్నెలు తోమే లిక్విడ్ చిక్కగా కలిపిన నీళ్లు ముక్కులో పోసి అయిదు నిమిషాలు కదలకుండా చూడండి. సన్న లీకుకు బుడగ వెంటనే రాదు, నిదానంగా ఉబ్బుతుంది. పిన్నును మాత్రం వేలితోనో స్క్రూడ్రైవర్‌తోనో నొక్కొద్దు. ఎగజిమ్మే గ్యాస్ తగిలితే చర్మం గడ్డకట్టి గాయమవుతుంది. బాల్కనీ బయట గోడకు వేలాడే అవుట్‌డోర్ అయితే మీరు వంగి ఈ పని చేయొద్దు.

పరిష్కారం పిన్ను మార్చడమే, సామాను చవక. గ్యాస్ పోకుండా పిన్ను తీసే పనిముట్టు ఉంది, అది ఉన్న మెకానిక్‌ను పిలవండి. ఏసీకి తగిన పిన్నే వేయాలి, టైరుది కాదు. మూతలో సీలు అరిగితే మూతా మార్చండి. పంప్ డౌన్ చేసి, అంటే గ్యాస్‌ను అవుట్‌డోర్‌లోకి లాగి అక్కడే మూసి ఉంచి, మారుస్తానంటే గేజి సున్నా దాటి కిందికి పోనివ్వకూడదు. లీకు గుండా గాలి లోపలికి లాగితే కంప్రెసర్ పేలే ప్రమాదం ఉంది.

మిగతావి

పైపులు ఒకదానికొకటి రాసుకుని చిల్లు పడితే ఆ ముక్క కోసి అతికించి, మధ్యలో రబ్బరు పెట్టాలి. గోడకు మేకు కొట్టిన చోటే పైపు ఉంటే చెప్పేదేముంది. మురుగు కాలువ పక్క ఇళ్లలో ఆ వాయువులకు రాగి నల్లబడి కాయిల్‌కు సన్న చిల్లులు పడతాయి. వాటిని ఒక్కొక్కటీ పూడ్చుకుంటూ కూర్చోకుండా కాయిల్ మార్చండి.

లీకు పరీక్షకు నైట్రోజనే వాడాలి, ఆక్సిజన్ అస్సలు వద్దు, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. ఆర్-32 మండే గుణమున్న గ్యాస్, పైపుల్లో అది ఉండగా వెల్డింగ్ చేయనివ్వకండి. ఖాళీ చేసిన పైపులను పంపుతో వాక్యూమ్ చేసి, అవుట్‌డోర్ ప్లేటు మీద రాసిన తూకం ప్రకారం కాటా పెట్టి గ్యాస్ పట్టించండి. గొట్టం తీశాక, మూత బిగించకముందే, ఆ ముక్కులో ఇంకోసారి సబ్బు నీళ్లు పోయించి చూసి డబ్బులివ్వండి.