రోజూ ధరించే కిర్పాన్‌ను ఎంచుకోవడం ఎలా

అమృతం స్వీకరించిన, అంటే దీక్ష పుచ్చుకున్న, సిక్కు ఒంటి మీద కిర్పాన్ అనే చిన్న కత్తి రాత్రింబవళ్ళు ఉండవలసిందే కనుక, దానితో హాయిగా కూర్చోగలమా, పడుకోగలమా, బండి నడపగలమా అన్నది తేల్చుకున్న తరువాతే నగిషీ, మెరుపు, ధర వంటి సంగతులకు వెళ్ళాలి. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను, అంటే దీక్ష పొందిన సిక్కుల సంఘాన్ని, స్థాపించారు. ఖాల్సా ధరించే పంచ కకారాల్లో, అంటే క అక్షరంతో మొదలయ్యే అయిదు గుర్తుల్లో, కిర్పాన్ ఒకటి. పద్యాలు చదువుకున్న తెలుగువారికి కృపాణమనే మాట కొత్తది కాదు. మా ఇళ్ళలో మాత్రం దాన్ని గౌరవంగా సిరీ సాహిబ్ అంటాము.

పొడవు ఇంతే ఉండాలని సిక్కుల నడవడి నియమావళి అయిన సిక్కు రెహత్ మర్యాద నిర్దేశించలేదు. రోజువారీ వాడకానికి మొత్తం 9 అంగుళాల లోపు, అలుగు, అంటే కత్తి రేకు, 6 అంగుళాల లోపు ఉన్నది మేలని నా అభిప్రాయం. దేశీయ విమానాల్లో సిక్కు ప్రయాణికులకు అనుమతించిన కొలత కూడా అదే కనుక, శంషాబాద్‌లో విమానం ఎక్కవలసి వచ్చినప్పుడు వేరొకటి వెతుక్కోనక్కరలేదు. విదేశీ ప్రయాణానికి ఈ వెసులుబాటు వర్తించదు. కిర్పాన్ ధరించడం సిక్కు మతావలంబనలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే ఉంది కాబట్టి, ఎవరైనా ప్రశ్నిస్తే ఆ మాట నిదానంగా చెప్పగలిగితే చాలు.

అలుగు కన్నా ముందు గాత్రాను, అంటే కిర్పాన్‌ను వేలాడదీసే పట్టీని, పరీక్షించాలి. అది కుడి భుజం మీదుగా దిగి ఎడమ నడుము దగ్గర ఆగుతుంది. జందెం వేసుకునే తీరుకు సరిగ్గా ఎదురు పక్క. మన కార్లలో డ్రైవరు సీటు బెల్టు కూడా కుడి భుజం నుంచే వచ్చి ఎడమ నడుము దగ్గర బిగుస్తుంది కనుక, పిడి బాగా కిందికి వేలాడితే బెల్టు కొక్కెం, పిడి ఒకదానికొకటి అడ్డుపడతాయి. హన్మకొండ నుంచి కరీంనగర్ దాకా అలా ఒక్కసారి నడిపితే పక్కటెముకలే చెబుతాయి. అందువల్ల పొడవు తగ్గించుకోవడానికి వీలున్న గాత్రాను తీసుకుని, దుకాణంలోనే వేసుకుని, ఒకసారి బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవాలి. ఒర కొన తొడలో గుచ్చుకుంటే పట్టీని రెండు వేళ్ళు పైకి జరిపి మళ్ళీ కూర్చుని చూడాలి. మే నెల ఎండల్లో తోలు పట్టీ చెమటకు తడిసి ఒరుసుకుపోతుంది. ఉతుక్కోదగిన వెడల్పాటి నూలు పట్టీలు రెండు ఉంచుకుని మార్చుకోవడం మంచిది.

లోహం విషయంలో సంప్రదాయం మొగ్గు సర్బలోహం వైపు, అంటే శుద్ధమైన ఇనుము వైపు. దానికి తుప్పు త్వరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ బెడద తక్కువ. పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైనదే కనుక ఇనుము మీద మమకారం ఈ ప్రాంతానికి సహజమే కానీ, రోజూ తుడిచే ఓపిక లేనివారు స్టీలు తీసుకోవడంలో తప్పు లేదు.

అసలు మోసం జరిగేది పిడి దగ్గర. నేను మొదట కొన్న కిర్పాన్ పిడి మీద ఇత్తడి పూలు చూసి మురిసిపోయాను. ఒక వానాకాలం గడిచేసరికి అలుగు పిడిలో గిలక్కాయలా ఆడసాగింది. విప్పి చూస్తే అలుగు తోక, అంటే పిడిలోకి దిగే భాగం, అంగుళం కూడా లోపలికి దిగలేదు, దాన్ని జిగురుతో అతికించి వదిలేశారు. కనుక తోక పిడి చివరి దాకా వెళ్ళి, కనీసం రెండు రివిట్లతో బిగించి ఉన్నదే తీసుకోవాలి. ఒక చేత్తో పిడిని, గుడ్డ చుట్టిన మరో చేత్తో అలుగును పట్టుకుని మెలితిప్పే ప్రయత్నం చేయాలి. ఏ మాత్రం కదిలినా వదిలేయాలి. తరువాత ఒరలో పెట్టి తలకిందులుగా పట్టుకుని రెండుసార్లు ఊపాలి. జారితే ఒర వదులు. బొటనవేలితో నెట్టినా రాకపోతే బిగుతు. కర్ర ఒర వానల్లో ఉబ్బుతుందన్నది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

నిజామాబాద్, బాసర మీదుగా రైల్లో నాందేడ్ వెళ్ళి సిక్కుల పుణ్యక్షేత్రమైన తఖ్త్ హజూర్ సాహిబ్ దర్శనం చేసుకునేవారు అక్కడి దుకాణాల్లో కొనడం పరిపాటి. రద్దీ లేని వేళ వెళితే పైన చెప్పిన పరీక్షలన్నీ తీరికగా చేసుకోవచ్చు.

చెమట పిడి మెడ దగ్గర చేరుతుంది, తుప్పు చుక్క అక్కడే మొదలవుతుంది. వారానికి ఒకసారి పొడిగుడ్డతో తుడిచి, వేలి కొనకు అంటేంత నూనె రాస్తే సరిపోతుంది. కుట్టుమిషను నూనె మాత్రం వాడకండి. గురుద్వారాలో కడాహ్ ప్రసాదానికి, అంటే పంచిపెట్టే హల్వాకు, కిర్పాన్ తాకించే సేవ మీకే రావచ్చు. అప్పుడు అలుగు మీద ఉండేది కొబ్బరి నూనో, ఆవ నూనో అయి ఉండాలి, దాన్ని కూడా శుభ్రమైన గుడ్డతో తుడిచాకే తాకించాలి.